ముందు చక్రాల దగ్గర గుయ్‌మనే మోత: తప్పు టైరుదా, బేరింగుదా?

క్లుప్తంగా: కారు వేగం పెరిగేకొద్దీ ముందు నుంచి వచ్చే మోతకు ఎక్కువసార్లు రెండే మూలాలు. ఒకటి తేడాగా అరిగిన టైరు, రెండోది పాడవుతున్న వీల్ బేరింగ్, అంటే చక్రం తేలిగ్గా తిరిగేలా దాని మధ్యలో ఉండే గుండ్ల భాగం. రెండింటి శబ్దం చెవికి దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ మోత వేగంతో మారుతోందా, ఇంజిన్‌తోనా, మలుపుతోనా, రోడ్డుతోనా అన్నది గమనిస్తే తేడా తెలుస్తుంది. జాకీ మీద చక్రం ఊగకపోయినంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు.

గంటకు 40 కిలోమీటర్ల దాకా ఏమీ ఉండదు. 50 దాటగానే కాళ్ల కింద ఎక్కడో సన్నగా గుయ్‌మంటుంది. 70, 80కి వెళ్లేసరికి అద్దాలు ఎత్తి ఉన్నా పాట వినడానికి వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది. షెడ్డుకి తీసుకెళ్లి చెప్పేటప్పుడు చాలామంది నోట వచ్చే మాట ‘విమానం సౌండ్’. ఈ ఒక్క మాట విని మెకానిక్ బేరింగ్ పోయిందని తేల్చేయడం, బేరింగ్ మార్చాక కూడా విమానం అలాగే ఎగరడం కొత్త సంగతేమీ కాదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే ఆ మోత ఎలా పుడుతుందో ముందు చూడాలి.

రెండు శబ్దాలూ ఎందుకు కలిసిపోతాయి

చిన్న కార్లకు తరచుగా వచ్చే 165/80 ఆర్14 సైజు టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. బేరింగ్ లోపల రెండు ఉక్కు రింగుల మధ్య, గాడుల్లో, వరసకు డజనుకు అటూ ఇటూగా ఉక్కు గుండ్లు ఉంటాయి. గాడిలో ఒకచోట పెచ్చు లేచిందనుకుంటే, దాని మీదుగా గుండు దొర్లిన ప్రతిసారీ చిన్న దెబ్బ తగులుతుంది. వరసకు 13 గుండ్లు ఉంటే బయటి రింగులోని మచ్చకు చక్రం ఒక చుట్టు తిరిగేలోగా సుమారు 5 దెబ్బలు, లోపలి రింగులోని మచ్చకు సుమారు 8 దెబ్బలు పడతాయి. అంటే 60 వేగంలో సెకనుకు 40 నుంచి 70 దాకా. విడివిడి దెబ్బలుగా చెవి వాటిని పట్టుకోలేదు. అన్నీ కలిసి బొంగురు మోతగా వినిపిస్తాయి.

ఇప్పుడు టైరు సంగతి. బాగున్న టైరుకు చుట్టూ అరవై డెబ్బై ట్రెడ్ దిమ్మలు ఉంటే 60 వేగంలో సెకనుకు 550 సార్లు రోడ్డును తాకుతాయి. ఇది కాస్త సన్నని స్థాయి హోరు. పైగా తయారీదారులు ఆ దిమ్మలన్నిటినీ ఒకే కొలతలో చేయరు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. అందువల్ల శబ్దం ఒకే శ్రుతిలో నిలవకుండా చెదిరిపోతుంది. చిక్కంతా టైరు తేడాగా అరిగినప్పుడే. ట్రెడ్ మీద జానెడుకొకటి చొప్పున పల్లాలు పడ్డాయనుకుంటే చుట్టూ ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. ఎనిమిదిన్నరతో గుణిస్తే సెకనుకు 70, 75. బేరింగ్ మోత ఉండే స్థాయికి ఇది దాదాపు ఆనుకునే ఉంటుంది. అనుభవం ఉన్న చెవి కూడా తడబడేది ఇందుకే.

చోటు విషయంలో చెవిని అసలు నమ్మకూడదు. బొంగురు శబ్దాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చెవి సరిగా పట్టలేదు. పైగా ఆ ప్రకంపన సస్పెన్షన్ గుండా బాడీలోకి ఎక్కి ఫ్లోరంతా పాకుతుంది. ముందు నుంచి అనిపించిన మోత వెనక చక్రానిదని తేలిన సందర్భాలు బోలెడు. వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి అదే రోడ్డు మీద మరోసారి వెళ్లి రావడం ఖర్చు లేని మొదటి పరీక్ష.

ముందు ఇంజిన్‌ను పక్కన పెట్టాలి

మోత చక్రాల దగ్గరిదా, ఇంజిన్ వైపుదా అన్నది తేల్చడం తేలిక. గంటకు 60 వేగంలో నాలుగో గేరులో కొంతదూరం, అదే వేగంలో మూడో గేరులో కొంతదూరం నడపాలి. ఇంజిన్ వేగం మారింది, చక్రాల వేగం మారలేదు. మోత రెండిట్లోనూ అలాగే ఉంటే అది చక్రాలతో కలిసి తిరిగే భాగానిదే. గేరు మారగానే శబ్దమూ మారితే ఇంజిన్ వైపు, అంటే బెల్టు, ఆల్టర్నేటర్, క్లచ్ లాంటి చోట్ల వెతకాలి. నడుస్తున్న బండిని న్యూట్రల్‌లోకి వేసి వినే పద్ధతి కూడా వాడుకలో ఉంది కానీ, గేరు మార్చి చూడటంలో అదే సమాధానం వస్తుంది, బండి అదుపులోనూ ఉంటుంది.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా మోగితే అనుమానం గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ వైపు వెళ్లాలి. పళ్ల చక్రాల మీద ఒత్తిడి దిశ మారడం వల్ల వచ్చే తేడా అది. వీల్ బేరింగ్‌కు యాక్సిలరేటర్‌తో పెద్దగా పనిలేదు. ఇక సీవీ జాయింట్, అంటే ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే యాక్సిల్ చివర ఉండే కీలు గురించి ఒక మాట. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలినప్పుడు టకటకమంటే బయటి జాయింట్ అరిగినట్టు. గుయ్‌మనే మోతను దాని ఖాతాలో వేసి యాక్సిల్ మార్పించుకోవడం దండగ.

మలుపు చెప్పే సాక్ష్యం

ఎడమకు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. కుడికి తిరిగితే ఎడమ చక్రాల మీదికి. పాడైన బేరింగ్ మీద బరువు పెరిగితే మోత పెరుగుతుంది. కాబట్టి ఎడమ మలుపులో మోత హెచ్చి, కుడి మలుపులో తగ్గితే కుడి బేరింగ్ మీద అనుమానం. తారుమారైతే ఎడమది. టైరు మోత మలుపులో ఇంత స్పష్టంగా మారదు.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. నేటి కార్ల వీల్ బేరింగ్‌లో గుండ్లు రెండు వరసల్లో ఉంటాయి. మలుపులో పక్క నుంచి తోపు వచ్చినప్పుడు భారం ఒక వరస నుంచి రెండో వరసకు మారుతుంది. పాడైన వరస మీద భారం తగ్గే పక్షంలో మోత పెరగాల్సిన చోట తగ్గవచ్చు. అందుకే ఈ పరీక్ష బలమైన సాక్ష్యమే తప్ప తుది తీర్పు కాదు. రెండోది రోడ్డు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను అటూ ఇటూ ఊపి వినమని చాలామంది సలహా ఇస్తారు. హైవే మీద వెనక లారీలు వస్తుండగా చేయాల్సిన పని కాదది. దానికి బదులు పొడవాటి వంపు ఉన్న రోడ్డు చాలు. అయితే మన దగ్గర ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి పెద్ద రోడ్ల నుంచి దిగే ర్యాంపులు ఎక్కువగా ఎడమకే తిరుగుతాయి. అక్కడ పరీక్షకు నిలబడేది కుడి బేరింగ్ ఒక్కటే. ఎడమదాన్ని తేల్చాలంటే కుడికి తిరిగే వంపు వెతుక్కోవాల్సిందే.

రోడ్డు మారితే

టైరుకూ బేరింగుకూ మధ్య తేడాను తేల్చడంలో దీన్ని మించిన పరీక్ష లేదు. తారు రోడ్డు మీంచి కాంక్రీటు రోడ్డు మీదికి, పాత గరుకు తారు మీంచి కొత్త నున్నటి తారు మీదికి అదే వేగంతో వెళ్లి వినాలి. టైరు మోత ఉపరితలంతో పాటు మారిపోతుంది. ఒక్కోసారి కొత్త తారు ఎక్కగానే స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. బేరింగ్‌కు కింద ఏ రోడ్డు ఉందో పట్టదు. కాకపోతే కాంక్రీటు రోడ్ల మీద టైరు జారకుండా అడ్డంగా సన్నటి గీతలు గీస్తారు. వాటి మీద కొత్త టైరు కూడా ఈల వేసినట్టు మోగుతుంది. దాన్ని జబ్బుగా లెక్కపెట్టకూడదు.

టైరు మీద చెయ్యి పెట్టి చూస్తే

బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ముందు టైరు ముఖం బయటికి వస్తుంది. అరచేతిని ట్రెడ్ మీద ఆనించి ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమరాలి. తర్వాత అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటి అంచుకు, మళ్లీ అటు నుంచి ఇటుకు. ఒక దిశలో నున్నగా జారి, ఎదురు దిశలో రంపపు పళ్లలా వేళ్లకు తగిలితే అలైన్‌మెంట్ తప్పిందన్నమాట. ముఖ్యంగా రెండు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఉండాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి ఉంటే ట్రెడ్ దిమ్మలు పక్కకు ఈడ్చుకుపోతూ ఇలా అరుగుతాయి. అరచేతికి అక్కడక్కడ పల్లాలు తగిలితే కారణం వేరు. షాక్ అబ్జార్బర్ బలహీనపడి చక్రం రోడ్డు మీద చిన్నచిన్నగా ఎగిరెగిరి పడుతోంది, లేదంటే బ్యాలెన్సింగ్ తప్పింది. లోపలి అంచు మీద ప్రత్యేకంగా చెయ్యి పెట్టాలి. బయట నుంచి చూస్తే కొత్తదానిలా ఉన్న టైరు లోపలి వైపు పూర్తిగా బోడిగా ఉండటం అరుదు కాదు.

అనుమానం ఇంకా మిగిలితే ముందు టైర్లను అదే పక్క వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపాలి. మోత వెనక్కి వెళ్లినా, స్వరం మారినా టైరే. ఏమీ మారకపోతే టైరును వదిలేయవచ్చు. టైరు పక్క గోడ మీద తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారం. ఎండల్లో ఏళ్ల తరబడి నిలిచిన రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడిన ట్రెడ్ గాలి సరిగా ఉన్నా ఎక్కువ మోగుతుంది. నాలుగైదు రోజులు కదలకుండా నిలబెట్టిన బండిలో మొదటి కొన్ని కిలోమీటర్లు దబదబమని, టైరు వేడెక్కాక ఆగిపోయేది వేరే సంగతి. కింద ఆనిన చోట టైరు తాత్కాలికంగా చదునవడం వల్ల అలా జరుగుతుంది.

కొత్త టైర్లు వేయించి మోత పోయిందని ఊరుకుంటే పని సగమే అయినట్టు. అలైన్‌మెంట్, షాక్ అబ్జార్బర్ అలాగే ఉంటే కొత్త టైరు కూడా పాతదాని దారినే పోతుంది.

జాకీ మీద పరీక్ష, దాని పరిమితి

చక్రం గాల్లోకి లేపి, పైన 12 గంటల చోట ఒక చెయ్యి, కింద 6 గంటల చోట ఒక చెయ్యి వేసి ఊపడం పాత పద్ధతి. లోపలికీ బయటికీ ‘టక్’మని కదిలితే బేరింగ్ బాగా అరిగినట్టు. అయితే అడుగున ఉండే బాల్ జాయింట్ లూజైనా ఇలాగే కదులుతుంది. లోపల ఒకరిని బ్రేక్ నొక్కి పట్టుకోమని మళ్లీ ఊపితే విషయం విడిపోతుంది. బ్రేక్ పడితే డిస్కూ, బేరింగ్‌ను పట్టి ఉంచే నకిలూ ఒక్కటైపోతాయి కాబట్టి బేరింగ్ లూజు మాయమవుతుంది, బాల్ జాయింట్ లూజు అలాగే ఉంటుంది. 3, 9 గంటల చోట్ల మాత్రమే కదిలితే స్టీరింగ్ రాడ్ల వైపు చూడాలి.

అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. సీలు చేసి వచ్చే నేటి బేరింగ్‌లో గాడి మీద పెచ్చు లేచి మోత వస్తున్నా, ఊపితే వెంట్రుకవాసి కూడా కదలకపోవచ్చు. లూజు చివరి దశలో వచ్చేది, మోత దానికంటే చాలా ముందు వచ్చేది. ‘ప్లే లేదు సార్, బేరింగ్ బాగుంది’ అన్న మాటకు అందుకే అంత విలువ ఇవ్వనక్కర్లేదు.

ఈ దశలో పనికొచ్చేది స్ప్రింగ్ పరీక్ష. ఎత్తిన చక్రాన్ని ఒక చేత్తో జోరుగా తిప్పుతూ, రెండో చేతి వేళ్లను సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగ్ మీద తేలిగ్గా ఆనించాలి. బేరింగ్ బాగుంటే స్ప్రింగ్ నిశ్చలంగా ఉంటుంది. గాడి పాడై ఉంటే ఇసుక పోసి తిప్పుతున్నట్టు సన్నటి గరగర వేళ్లకు ఎక్కుతుంది. నకిల్ నుంచి వచ్చే ప్రకంపన స్ప్రింగ్ లోహంలో తేలిగ్గా ప్రయాణిస్తుంది, చెవికి అందనిది వేలికి అందుతుంది. రెండో పక్కనా చేసి పోల్చుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మెకానిక్ స్టెతస్కోప్ ఉంటే దాని మొనను నకిల్‌కు ఆనించి వినవచ్చు. లేపిన చక్రాన్ని ఇంజిన్‌తో గేరులో తిప్పి వినే పని మాత్రం సరైన స్టాండ్లు ఉన్న షెడ్డులో చేయాల్సిందే, ఇంటి ముందు జాకీ మీద కాదు.

బ్రేకును కూడా మరచిపోకూడదు. బ్రేక్ ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్ బిగుసుకుని ప్యాడ్ రాసుకుంటున్నా గుయ్‌మంటుంది. ఇరవై నిమిషాలు పెద్దగా బ్రేకులు వేయకుండా నడిపి, ఆపాక రెండు ముందు రిమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి వేడిని పోల్చాలి. డిస్కును తాకకూడదు. ఒకటి చల్లగా, ఒకటి సెగలు కక్కుతూ ఉంటే సమాధానం దొరికినట్టే. డిస్కుకూ వెనకనున్న రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుంటే వచ్చే కీచు శబ్దం భయపెట్టేంతగా ఉంటుంది, నష్టం మాత్రం తక్కువే.

బేరింగ్ ఎందుకు పాడవుతుంది

స్వీడన్ ఇంజినీర్ యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో లోహాల గట్టిదనాన్ని కొలిచే పద్ధతి ఒకటి చెప్పాడు. ఉక్కు గుండును లోహం మీద నిర్ణీత బలంతో అదిమి, పడిన సొట్టను కొలవడమే ఆ పద్ధతి. చక్రం వేగంగా గుంతలో పడినప్పుడు బేరింగ్ లోపల జరిగేదీ ఇదే. గుండ్లు గాడి మీద సొట్టలు పెడతాయి. అందుకే ఆ నష్టానికి ఆయన పేరే వచ్చింది. సొట్ట పడిన రోజు శబ్దం రాకపోవచ్చు. దాని అంచుల మీదుగా గుండ్లు లక్షలసార్లు దొర్లాక లోహం అలసి పెచ్చులు లేస్తాయి. ముందు చక్రాల్లో బయటి రింగు కదలదు, బండి బరువు ఎప్పుడూ అందులోని ఒకే భాగం మీద పడుతుంది. ఆ భాగానికే ముందు దెబ్బ తగలడంలో ఆశ్చర్యం లేదు. రోడ్డు అంచుకు దగ్గరగా నడిచేది ఎడమ చక్రం కాబట్టి విరిగిన అంచులు, నీళ్ల కింద కనపడని గుంతలు దాని వంతుకే ఎక్కువ వస్తాయి.

బండి తిరగకుండా కూడా బేరింగ్ చెడవచ్చు. 1930లలో అమెరికాలోని డెట్రాయిట్ నుంచి రైళ్లలో పంపిన కొత్త కార్లు గమ్యం చేరేసరికే వాటి బేరింగులు పాడై కనిపించేవి. చక్రాలు తిరగకుండా రైలు కుదుపులకు గుండ్లు ఒకేచోట అదేపనిగా కదలడంతో గ్రీజు పక్కకు తొలగి గాడి అరిగిపోయేది.

ఇక నీళ్లు. దూరం నడిచి వేడెక్కిన హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం సీలు పెదవుల పక్క నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. నీళ్లు కలిసిన గ్రీజు తెల్లబడి, జిగురు పోయి, లోహానికి రక్షణ ఇవ్వలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి బండి విషయంలో ఎవరి దృష్టైనా ముందు ఇంజిన్, వైరింగ్, సీట్ల మీదికే పోతుంది. హబ్‌లో చేరిన తేమ తుప్పుగా మారి మోతగా బయటపడటానికి నెలలు పట్టవచ్చు. అప్పటికి దాన్ని వరదతో కలిపి చూసేవారు ఉండరు.

విద్యుత్ కార్లలో ఈ ఫిర్యాదు ఎక్కువగా చెవిన పడటానికి కారణం వాటి బేరింగులు నాసిరకం కావడం కాదు. ఇంజిన్ రొద లేకపోవడంతో ఇదివరకు దాని చాటున ఉండే శబ్దాలన్నీ ముందుకొస్తాయి. బ్యాటరీ బరువు కూడా టైర్ల మీద, బేరింగుల మీద భారం పెంచుతుంది.

నిర్లక్ష్యం చేస్తే, తొందరపడితే

మోత మొదలైన బేరింగ్ ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. క్రమం మాత్రం దాదాపు ఒకటే. పెచ్చుల ముక్కలు గ్రీజులో కలిసి మిగిలిన గాడిని కూడా గీకుతాయి. లూజు వస్తుంది. డిస్కు అటూ ఇటూ ఊగి బ్రేక్ పెడల్ తేడాగా అనిపిస్తుంది. హబ్ దగ్గరుండే సెన్సర్‌కు సంకేతం సరిగా అందక ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే వ్యవస్థ) లైటు వెలగవచ్చు. టైరు తేడాగా అరుగుతుంది. చివరి దశలో బేరింగ్ వేడెక్కి పట్టేయడం, మరీ దారుణమైతే చక్రం ఊడిపోవడం దాకా వెళుతుంది. మోత ఉండగా దూర ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. లూజు కూడా తేలితే బండిని కదిలించకపోవడమే మంచిది.

తొందరపాటుతోనూ నష్టముంది. చాలా చిన్న కార్లలో ముందు బేరింగ్‌ను నకిల్‌లోకి ప్రెస్‌తో బిగిస్తారు. కొన్ని కార్లలో బేరింగూ హబ్బూ కలిసి బోల్టులతో బిగించే ఒకే యూనిట్‌గా వస్తాయి, వాటిని మార్చడం తేలిక. ప్రెస్ రకంలో నియమం ఒక్కటే: ఏ రింగు బిగుతుగా దిగాలో ఆ రింగు మీదే ఒత్తాలి. నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీద, హబ్‌ను దించేటప్పుడు లోపలి రింగుకు ఊతమిచ్చి. ప్రెస్ లేక సుత్తితో కొడితే దెబ్బ గుండ్ల గుండా గాడికి చేరి, డబ్బాలోంచి తీసిన బేరింగ్‌కే సొట్టలు పడతాయి. కొత్త బేరింగ్ వారానికే మోగిందంటే దాని తయారీని తిట్టే ముందు దాన్ని ఎలా దించారో అడగడం న్యాయం. యాక్సిల్ నట్టును కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితో బిగించాలి. ఎయిర్ గన్‌తో అందినంత బిగించడం, నట్టు పూర్తిగా బిగించకముందే బండిని నేల మీద నడిపించడం, రెండూ కొత్త బేరింగ్ ఆయుష్షు తీసేవే. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్ ఒక పక్క సీలులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి దించితే మళ్లీ అంతా విప్పి కొత్తది వేయాల్సిందే.

పని పూర్తయ్యాక మోత వచ్చిన రోడ్డు మీదే, అదే వేగంలో, అన్నే మంది కూర్చుని ఒకసారి నడిపి చూడాలి. మోత సగం తగ్గి సగం మిగిలితే కొత్త బేరింగ్‌లో లోపం ఉందని వెంటనే అనుకోనక్కర్లేదు. ఒకే గుంతల్లో, ఒకే నీళ్లలో తిరిగిన రెండో పక్క బేరింగ్ ఇన్నాళ్లూ మొదటిదాని హోరు చాటున ఉండి ఇప్పుడు వినపడుతూ ఉండవచ్చు. లేదా పాడైన బేరింగ్ మీద తేడాగా అరిగిన టైరు ఇంకా అదే చక్రానికి ఉండవచ్చు. ఆ టైరును వెనక్కి మార్చి మరోసారి అదే రోడ్డు మీద వెళ్లి వస్తే ఈ రెండిట్లో ఏదో తేలుతుంది.